మామిడిబల్లకు ఏ రంగు?

మైలవరంలో వుంటూ మామిడిచెట్టు కొట్టించినవాడికి పుట్టగతులుండవని మా అమ్మ అంటూ వుంటుంది. ఎవరితో మాట్లాడుతున్నా ఈ మాట మాత్రం నాకు వినపడేటట్టే అంటుంది. కొట్టించినవాణ్ణి నేనే గనక తల వంచుకుని వూరుకుంటాను.

సంగతేమిటంటే, మా పెరట్లో బావి పక్కన ఒక చిన్నరసం చెట్టు వుండేది. అమ్మ కాపరానికొచ్చిన ఏడు తన చేత్తో పాతిందట. మా ప్రాంతంలో మామిడిచెట్టుకేం కరువు? నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, తిరువూరు, ఇటు మైలవరం, ఎటు చూసినా తోటలే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మైలవరం ఒక జిల్లాకూ నూజివీడు మరో జిల్లాకూ పోయాయిగాని, ఆ సంగతి మామిడికాయకు తెలియదు. అయితే తోటలో వెయ్యి చెట్లున్నా పెరట్లో చెట్టు వేరు. తోటలో కాయ అమ్ముకునేది. పెరట్లో కాయ పంచిపెట్టేది. వీధిలో ఎవరింట్లో ఎవరు నెల తప్పినా మొదటి పుల్లకాయ మా చెట్టుదే.

ఆ చెట్టు మొదట్లో తొర్ర పడింది. పెద్దకొమ్మ వంటింటి కప్పు మీదికి వాలింది. ఈదురుగాలి లేచినప్పుడల్లా మా ఆవిడ పొయ్యి ఆర్పేసి వీధి అరుగు మీదికొచ్చి నిలబడేది. "ఏదో ఒకరోజు నేనూ, పప్పుగిన్నే కలిసి పోతాం" అనేది. అమ్మతో ఈ ప్రస్తావన తెస్తే, "నలభై యేళ్లుగా పడనిది ఇవాళే పడుతుందా?" అని కొట్టి పారేసేది.

ఇలా వుండగా ఒక జనవరిలో అమ్మకు కుడికంటి శుక్లం తీయించడానికి విజయవాడ తీసుకువెళ్లాం. ఆపరేషను అరగంటలో అయిపోయింది. మందులు వేయడం సులువని నాలుగు రోజులు మా చెల్లెలింట్లో వుంచాం. ఆ నాలుగు రోజుల్లో నేను చెట్టు కొట్టించేశాను. ఎదురుగా వుంటే కొట్టనివ్వదని తెలుసు. చేసింది తప్పుకాదని ఇప్పటికీ అనుకుంటాను. చేసిన తీరు తప్పని ఆ సాయంత్రమే తెలిసింది.

అమ్మ ఆటో దిగి, నల్లద్దాలు తీసి, తిన్నగా పెరట్లోకి నడిచింది. బావి పక్కన మిగిలిన మొద్దును చూసింది. ఆ పైన ఖాళీగా వున్న ఆకాశాన్ని చూసింది. "ఒరేయ్, కన్ను బాగుచేయించి, చూసేదాన్ని తీసేశావా?" అంది. అంతే. ఏడవలేదు, తిట్టలేదు. రెండో కన్ను నెలరోజుల్లో చేయించాలని డాక్టరు చెప్పాడని గుర్తుచేస్తే మాత్రం, "నేను రాను. ఈసారి వెళ్లొచ్చేసరికి ఇల్లు అమ్మేస్తావు" అంది.

వేళాకోళం కాదు. నిజంగానే రానంది. ఏడాదిన్నర గడిచింది. ఎడమకంటి శుక్లం ముదురుతోంది. మెట్లు దిగేటప్పుడు చెయ్యి గోడను తడుముకుంటోంది. నా మీద కోపం తన కంటి మీద తీర్చుకుంటోందని అందరికీ తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు.

చెట్టు మొద్దును నేను పొయ్యిలోకి అమ్మలేదు. మా ఆచారి చేత రెండంగుళాల మందాన పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి నీడన పేర్పించాను. మామిడికర్రకు పురుగూ బూజూ తొందరగా పడతాయి. అయినా బూజు పట్టిన చోట కర్రలో నల్లటి సన్నగీతలు పడతాయి చూడండి, చేయితిరిగినవాడు గీసినా అంత అందంగా రావు. అన్నిటిలోకీ మంచి పలకకు నిలువునా తొర్ర వుంది. జానెడు వెడల్పున, ఏరు పారినట్టు వంకర్లు తిరుగుతూ. "దీంతో బల్ల కాదండీ, నిచ్చెన అవుతుంది" అన్నాడు ఆచారి.

హైదరాబాదులో వున్న మా చిన్నవాడు ఫోనులో ఆ పలక చూసి, "నాన్నా, ఆ తొర్రే దాని అందం. ఎపాక్సీ పోసి నింపండి. అందులో రంగులు కలిపి పాలరాతిలా తిప్పండి. నాయనమ్మకు కిటికీ దగ్గర బల్ల అవుతుంది" అన్నాడు. వారంలో రెండు డబ్బాలు పంపాడు కూడా.

ఎపాక్సీ అంటే మనం ఎరగనిది కాదు. విరిగిన బొమ్మ అతికించే రెండు గొట్టాల జిగురు ఆ జాతిదే. స్విట్జర్లండులోని సీబా కంపెనీ 1946లో దాన్ని అరాల్డైట్ పేరుతో బజారుకు తెచ్చింది. ఒక డబ్బాలో బంక, రెండోదానిలో దాన్ని గట్టిపరచే ద్రవం. చెప్పిన పాళ్లలో కలిపితే రెండూ పెనవేసుకుని రాయవుతాయి. ఆరడం కాదిది. ఆరడమంటే తడి పోవడం. ఇక్కడ ఏదీ పోదు. లోపల రసాయన చర్య జరిగి వేడి పుడుతుంది. ముప్ఫై యేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి గనక ఇదంతా నాకు మాటల్లో తెలుసు. చేతల్లో తెలియడానికి ఒక స్టీలుగ్లాసు బలి అయింది. ఏప్రిల్ ఎండలో గ్లాసునిండా కలిపి, ఫోను వస్తే మాట్లాడి వచ్చేసరికి పొగలు కక్కుతోంది. లోపలిది పసుపుపచ్చగా మారి పగుళ్లిచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నం అమ్మ డాబా మీద చాప పరిచి మామిడితాండ్ర పోస్తోంది. ఒంటికంటితోనే నా గ్లాసును చూసి, "ఒక్కసారే పోస్తే ఏదైనా అంతే. తాండ్ర ఎలా పోస్తారు? పల్చగా ఒక పొర. అది ఆరాక ఇంకో పొర. నీ చదువులో ఇది లేదా?" అంది. ఏడాదిన్నరలో చెట్టు ఊసు లేకుండా నాతో మాట్లాడిన అంత పొడుగు మాట అదే. మందంగా పోయాల్సిన చోట పొరలు పొరలుగా పొయ్యమనే డబ్బా మీద కాగితంలోనూ వుంది. నేను చదవలేదు.

ఇక రంగు. అసలు కథ ఇక్కడే.

మొదట నాకు తోచింది ఇంట్లో వున్నవన్నీ కలిపి చూడడం. రంగుల్లో రెండు జాతులు. పంచదార నీళ్లలో కరిగినట్టు కరిగేవి ఒకటి. కరగకుండా ధూళిలాగే నిలిచేవి రెండోది. కరిగేది గాజులా మెరుస్తుందిగాని ఎండకు త్వరగా వెలిసిపోతుంది. కరగనిది మొద్దుగా కనపడినా మాట మీద నిలబడుతుంది. నీళ్లరంగు కాస్త ఎక్కువైతే ఎపాక్సీ బిగియదు. నూనెరంగులో అవిసెనూనె వుంటుంది. అది వేరే దారిలో ఆరే వస్తువు గనక దీంతో కలిసిరాదు. పైపెచ్చు ఏ రంగైనా నూటికి అయిదారు పాళ్లు దాటితే పట్టు తప్పుతుంది. చూపుకు రంగు కావాలంటే చిటికె చాలు. మనకు చిటికెతో తృప్తి వుండదు.

పసుపు కలిపాను. కలుపుతుండగానే ఎర్రబడింది! ఉలిక్కిపడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని పెళ్లివారింట్లో ప్రతి ఆడపిల్లకూ తెలుసు. గట్టిపరచే ద్రవమూ సున్నంలాంటి క్షారమే మరి. మసి కలిపితే ఆవగింజంతకే అమావాస్య అయింది. తెల్లని టైటానియం పొడి కలిపితే సుద్దముద్దలా అయింది. దాంతోబాటు అది బరువుగలది గనక పక్కరంగుల్లోకి దిగి, కింద కణాలు కణాలుగా విచ్చుకుంది. కావాలనుకున్నవాడికి అదొక అందం. నీలానికి చిన్నవాడు పంపింది థాలో నీలం. 1935లో బజారుకెక్కిన ఈ రంగు ఎండకు చెక్కుచెదరదు. సూదిమొనంత చాలు.

సిందూరం, ఇంగిలీకం, అర్దళం మా తాతగారి మందుల పెట్టెలో ఇప్పటికీ పొట్లాలుగా వున్నాయి. మైలవరం ఒకప్పుడు నాటకాలకు పేరుపడ్డ ఊరు. వేషగాళ్లు ముఖానికి అర్దళం పూసుకునే రోజులవి. ఎంత మెరుపు రంగులో! కాని సిందూరంలో సీసం, ఇంగిలీకంలో పాదరసం, అర్దళంలో పాషాణం. అన్నం తినే బల్ల దరిదాపులకు వాటిని రానివ్వకూడదు. పొట్లాలు విప్పకుండానే పెట్టెలో పెట్టేశాను.

మామిడికీ రంగుకూ ఒక పాత సంబంధం కూడా వుంది. వెనకటికి చిత్రకారులు పివురీ అనే మేలిమి పసుపురంగు వాడేవారు. దాన్ని బీహారులో ముంగేరు దగ్గర మిర్జాపూరులో ఆవులకు మామిడాకులు మాత్రమే మేపి, వాటి మూత్రం కాచి తీస్తున్నారని త్రైలోక్యనాథ్ ముఖర్జీ 1883లో లండనుకు రాసి పంపాడు. ఆ ఆవులు బక్కచిక్కి వున్నాయని కూడా రాశాడు. తర్వాత ఇదంతా కట్టుకథేమోనని అనుమానించినవారున్నారు. 2019లో ఆయన పంపిన నమూనాలనే పరీక్షిస్తే గోమూత్రపు జాడ కనపడింది. ఆ రంగు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అంతరించింది. ఈ కథ అమ్మకు చెబితే, "పాపం, నోరులేని జీవాలు" అని, కాసేపాగి, "మామిడాకుతోనైనా మనిషి పాపం చెయ్యగలడు" అంది. ఎటు తిరిగినా నా దగ్గరికే వచ్చింది.

రంగులు పరీక్షించడానికి నేను ఇడ్లీరేకు తీసుకున్నాను. గుంటకొక రంగు చొప్పున బాగానే వుంటుందనుకున్నాను. రేకు, రంగులు ఏకమై ఊడిరాలేదు. ఆ సంగతి మా ఆవిడ ఏమన్నదో ఇక్కడ రాయడం బాగుండదు. "పాలప్యాకెట్టు కవరు కోసి పరవండి బాబూ, దానికి ఇది అంటుకోదు" అని ఆచారి చెప్పాక దారి దొరికింది. పన్నెండు బిళ్లలు పోసి, సగం బీరువాలో, సగం తాండ్రచాప పక్కన డాబా మీద పెట్టాను.

మే నెల గడిచేసరికి ఎండ తీర్పు చెప్పేసింది. పసుపు పారిపోయింది. వున్నదన్న గుర్తు కూడా లేదు. ఎపాక్సీకి ఒక సహజగుణం వుంది. ఎండలో వుంటే దానంతటది పచ్చబడుతుంది. అందుచేత తెలుపు పాత దంతపు దువ్వెనలా అయింది. చెడని నీలమే అయినా పైన పసుపుపొర పడేసరికి ఆకుపచ్చకు తిరిగింది. మసి మసే. ఏమాత్రం మారనిది ఇంకొక్కటే. మా గోడలకు కింద పట్టీ వేసే జేగురు. ఇనుపతుప్పు మట్టి. తుప్పు పట్టాల్సినదంతా ముందే పట్టేసింది గనక దానికి కొత్తగా పోయేదేం లేదు.

మధ్యలో ఒకరోజు కొండపల్లి వెళ్లాను. బస్సెక్కితే దూరమేం కాదు. అక్కడి బొమ్మల పని తెలిసిందే. తెల్లపొణికి కర్రను సన్నని సెగన ఆరబెట్టి, ముక్కలు చెక్కి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సుద్ద పూసి, ఆ తర్వాత రంగులు. నా బిళ్లలు చూసి ఒక పెద్దాయన, "రంగులు బాగానే వున్నాయి మాస్టారూ. ఎవరు చూడడానికి?" అని అడిగాడు. అమ్మకన్నాను. "మరి అమ్మగారిని అడిగారా?" అన్నాడు. అడగలేదు! బంకలో రంగు కలపడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదని ఆయనే అన్నాడు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుంటే దానికి పట్టించే లక్క కూడా బంకే కదా. ఆకులూ గింజలూ బెరళ్ల రంగులను లక్కలోకి మళ్లీ తెచ్చినందుకే అక్కడి చింతలపాటి వెంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇంటికొచ్చి బిళ్లలన్నీ అమ్మ ముందు పరిచాను. అప్పుడు చూశాను ఒక విచిత్రం. అమ్మ ఒక చెయ్యి ఎడమకంటి మీద పెట్టి చూసింది, తర్వాత కుడికంటి మీద పెట్టి చూసింది. "ఈ కంటికి ఇది నీలం. ఆ కంటికి బురద" అంది. శుక్లం ముదిరితే కంటిలోని అద్దం పసుపు తిరిగి నీలాన్ని మింగేస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే కూడా 1923లో ఆపరేషను అయ్యాక రంగులన్నీ తారుమారయ్యాయని గోలపెట్టాడట. బల్ల మీద ఎపాక్సీ పచ్చబడ్డట్టే కంట్లో అద్దమూ పచ్చబడుతుంది. అది చెప్పబోయి మానేశాను. అమ్మకు తెలుస్తూనే వుంది. మళ్లీ మళ్లీ చేతులు మార్చి చూసుకుంటోంది.

బిళ్లల్లో ఒక్కటీ నచ్చలేదు. నీలం చూసి "మన పెరట్లో ఏరెప్పుడుంది?" అంది. బంగారురంగు చూసి "గుడిగోపురమా?" అంది. ఏ రంగు కావాలో చెప్పమంటే చెప్పలేదు.

ఆగస్టులో వానలు పడ్డాక ఒకనాటి పొద్దున్నే పిలిచింది. పక్కవారి మామిడి గోడ మీదినించి మావైపుకు వాలి వుంటుంది. కాపు దిగి, వాన తాగి, కొమ్మకొమ్మకూ లేతచిగురు వేసింది. అమ్మ ఎడమకన్ను మూసుకుని దాన్నే చూస్తోంది. "ఇన్నేళ్లూ ఇది ఎండుటాకు రంగనుకున్నాన్రా. నా చిన్నప్పుడు చూసినట్టు కనపడుతోంది. రాగిలో రోజాపువ్వు నలిపినట్టు లేదూ? అంచున పచ్చదనం చూడు. ఆ రంగు పొయ్యి" అంది.

అంతకంటె తెలివైన రంగు రసాయనశాస్త్రమంతా తిరగేసినా దొరకదు. దాని మూలం జేగురు, ఎండకు లొంగదు. రేపు ఎపాక్సీ పచ్చబడినా, చిగురు ముదిరి ఆకవుతున్నట్టే వుంటుందిగాని చెడినట్టుండదు. జేగురును పెనం మీద వేయించి తేమ పోగొట్టి, వస్త్రగాళితం పట్టి, కల్వంలో కాస్త బంకతో వెన్నలా నూరాను. పొడి పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. రెండోది, సూదిమొనంత థాలో ఆకుపచ్చ. మూడోది మెరుపుకు అభ్రకం. మన గూడూరు గనులు పేరుపడ్డది దానికే. అభ్రకపు రేకుల మీద పల్చని పూత పట్టించి మెరుపు పొడులు చేస్తారు. రంగురంగులుగా తిప్పిన కాగితం మీద పూర్వం బిజాపూరు చిత్రకారులు బొమ్మలు వేసేవారు. ఆ కాగితాన్ని అబ్రీ అనేవారు. పారసీలో అబ్ర్ అన్నా, సంస్కృతంలో అభ్రం అన్నా మబ్బే. మా బల్లలోకి రెండు మబ్బులూ వచ్చాయన్నమాట.

వానల్లో గాలి తేమగా వుంటే పైన తెల్లని మసక కమ్ముతుంది గనక కార్తీకమాసం దాకా ఆగాం. తొర్ర అడుగున బల్ల బిగించి, తాండ్ర పద్ధతిలో రోజుకొక పొర పోశాం. నాలుగో పొర రంగుల పొర. మూడు రంగులూ వేరువేరు గిన్నెల్లో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని నిలబడ్డాను. పల్చగా వుండగా పోస్తే అభ్రకం అడుగుకు దిగిపోతుంది. మరీ చిక్కబడితే కదలదు. ఎప్పుడు పొయ్యాలి? "తీగపాకం రానీ" అంది అమ్మ కుర్చీలోంచి. వచ్చాక పోశాను. చీపురుపుల్ల కావాలని, కోడలి చేత తొడుగులు వేయించుకుని తనే లేచింది. తలవైపునించి పాదంవైపుకు ఒక గీత, అడ్డంగా రెండు. నేను ఇంకా తిప్పబోతే చెయ్యి పట్టుకుంది. "చాలు. ఇంకొక్కసారి తిప్పావంటే అంతా బురదే" అంది. నిజమే. పాలరాతి పనంతా ఎక్కడ ఆపాలో తెలియడంలోనే వుంది.

మర్నాడు చూస్తే కర్రలోని నల్లగీతలూ, రంగులోని చారలూ ఎక్కడ కలిశాయో చెప్పడం కష్టంగా వుంది. ఎడమవైపు రెండు బుడగలు మిగిలిపోయాయి. ఆచారికి అవి నచ్చలేదు. అమ్మ వాటిమీద వేలుపెట్టి, "జీడి కారిన చుక్కల్లా వున్నాయి, వుండనీ" అంది.

బల్ల ఇప్పుడు కిటికీ దగ్గర వుంది. అమ్మ కాఫీ తాగేది దానిమీదే. చెట్టు బాకీ తీరిందని నేననుకోవడం లేదు. పుట్టగతుల మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ వినపడుతూనే వుంది. అయితే సంక్రాంతి వెళ్లాక ఒకరోజు, "ఆ రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నాడురా డాక్టరు?" అని తనంతట తనే అడిగింది.

బయల్దేరే రోజు పొద్దున ఆటో వచ్చి నిలబడ్డా అమ్మ కనపడలేదు. పెరట్లోకి వెళ్లి చూద్దును గదా, చెయ్యి గోడకానించి ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగుతోంది. కరివేపచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, జామచెట్టు, దానిమ్మ, నందివర్ధనం. వేలు మడిచి లెక్కపెట్టుకుని నావైపు తిరిగింది.

"ఆరు. లెక్క నాకు గుర్తుంటుంది" అంది.